భీష్ముడి కళ్ళతో శిఖండిని చూడొద్దు

తెలుగులో శిఖండి ఒక తిట్టు. ఎవరి వెనకో దాక్కునేవాణ్ణి, పనికి అడ్డం పడేవాణ్ణి, మీసం ఉన్నా మగతనం లేదని ఎగతాళి చెయ్యదలుచుకున్నవాణ్ణి శిఖండి అంటారు. బృహన్నలదీ అదే గతి. రాజకీయ ఉపన్యాసాల్లో ఈ రెండు పేర్లూ ప్రత్యర్థి మీద విసరటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మహాభారతం దగ్గరికి వెళితే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. శిఖండి ద్రుపదుడి కొడుకు. పాండవ పక్షపు రథికుల్ని లెక్కపెట్టేటప్పుడు భీష్ముడే ముఖ్యుల్లో చేర్చిన యోధుడు. ఒకరికి భర్త. క్షత్రదేవుడనే కొడుక్కి తండ్రి. ఇదంతా మన నుడికారంలో ఎక్కడా మిగల్లేదు.

తిట్టేవాళ్ళ గురించి చెప్పటానికి ఈ వ్యాసం అక్కర్లేదు. వాళ్ళ సంగతి మనకి తెలిసిందే. నా తగాదా ఈ పాత్రల్ని ప్రేమించి, వాళ్ళ పక్షాన నిలబడి తిరగరాసేవాళ్ళతో. ముఖ్యంగా స్త్రీల కోసం రాస్తున్నామనుకునేవాళ్ళతో.

ఒకరు సృష్టించిన పాత్రల్ని ఇష్టం కొద్దీ తీసుకుని మరొకరు కొత్త కథ అల్లటాన్ని ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. పేరు కొత్తదే గానీ పని పాతది. తెలుగు ఆడవాళ్ళు ఈ పనిని రోకటి దగ్గరా, ఊయల దగ్గరా ఎప్పటినుంచో చేస్తున్నారు. ఊర్మిళ నిద్ర, సీత వామనగుంటలు, శూర్పణఖ సీత చేత రావణుడి బొమ్మ గీయించటం, ఇవన్నీ వాల్మీకి చెప్పనివి. 1955లో శ్రీపాద గోపాలకృష్ణమూర్తి ఆ రామాయణపు పాటల్ని పుస్తకంగా కూర్చారు. తర్వాత వెల్చేరు నారాయణరావు వాటిమీద రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. అంతకుముందే, పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని రాధ వైపునుంచి ఒక కావ్యం రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. మా వైపునే చూస్తే, తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో 1939లో పుట్టి, ఆ గూడెంలోనే హైస్కూలు చదువుకున్న రంగనాయకమ్మ 1974 నుంచి 76 దాకా మూడు భాగాలుగా 'రామాయణ విషవృక్షం' రాశారు. అభిమానంతో కాదు, ఆగ్రహంతో. అయితేనేం, పాత్రలు ఎవరి సొత్తూ కావని, చదివేవాళ్ళకి వాటిమీద హక్కు ఉందని ఆ పుస్తకం తేల్చేసింది. 2010లో ఓల్గా 'విముక్త' వచ్చింది. సీతా శూర్పణఖా ఎదురుపడి మాట్లాడుకున్నారు. 2015లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇంత గొప్ప వారసత్వం ఉన్న మనం ఒక ప్రశ్న మాత్రం వేసుకోలేదు. సీతని, అహల్యని, రేణుకని, ఊర్మిళని తిరగరాసేటప్పుడు వాళ్ళు స్త్రీలేనన్నది తేలిపోయిన విషయం. పోట్లాటంతా ఆ స్త్రీకి ఏం జరిగిందన్న దాని మీదే. మరి ఆడో మగో ఎవరు తేల్చాలన్నదే కథ అయిన పాత్రల దగ్గరికి వచ్చేసరికి మన కలం ఏం చేస్తోంది?

నాకు కనిపించిన పద్ధతులు నాలుగు.

మొదటిది, తొడుగు. ఇది అన్నిటికన్నా పాపులర్. 1963లో వచ్చిన 'నర్తనశాల' తెలుగువాళ్ళకి బృహన్నల రూపాన్ని స్థిరపరిచింది. ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు, ఆ వాలుజడ కింద ఉన్నది ఎన్.టి. రామారావని, ఆ పాత్ర కింద ఉన్నది అర్జునుడని. అందుకే బృహన్నలని చూసి ఎవరూ కలవరపడరు. చివర్లో గాండీవం తీస్తే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు మగతనం తిరిగొచ్చినందుకు. ఇప్పుడు కథలు రాస్తున్న పిల్లలు కూడా ఈ తొడుగునే వాడుతున్నారు. హీరో ఆడవేషం వేస్తాడు, నవ్విస్తాడు, విప్పేస్తాడు. హీరోయిన్ ప్యాంటూ చొక్కా వేసి బుల్లెట్ నడుపుతుంది, పెళ్ళినాటికి చీర కడుతుంది. ఆ విప్పటం, ఆ కట్టటం జరిగితే తప్ప కథ ముగియదు.

ఇదే తొడుగు కూచిపూడిలో ఇంకో పాఠం చెబుతుంది. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం చూసి తరాలు మురిసిపోయాయి. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ కళ గొప్పది, అందులో వివాదం లేదు. కానీ అదే చీర, అదే జడ, అదే నడక ఒక హిజ్రాకి ఉంటే ఏలూరు రైల్వే ప్లాట్‌ఫారం మీద జనం పక్కకి జరుగుతారు. తేడా ఎక్కడుంది? ఒకటి, వేషం వేసిన మగవాడి కులంలో. రెండు, ఆ జడ తెల్లారేసరికి విప్పి పెట్టెలో పెట్టేస్తారన్న భరోసాలో. జడ విప్పనివాళ్ళంటేనే మనకి భయం. హర్షిత మృతింటి కామత్ 2019లో ఈ స్త్రీవేషాల మీద తెచ్చిన పుస్తకం ఆ కులపు మగతనాన్ని బాగా విప్పి చూపించింది. కథలు రాసేవాళ్ళు ఆ పుస్తకం చదవకపోయినా ఫరవాలేదు. తమ పాత్ర జడ ఎందుకు విప్పిస్తున్నారో ఒకసారి ఆలోచిస్తే చాలు.

రెండోది, శాపం. బృహన్నలకి ఊర్వశి శాపం. భంగాస్వనుడికి ఇంద్రుడి కోపం. ఇలకి ఒక వనం. శిఖండికి పూర్వజన్మ. ఎవరి జెండర్ అయినా అనుకున్నట్టు లేకపోతే దానికో కారణం చెప్పాలి. భీముడు మగవాడెందుకయ్యాడని ఏ కవీ కారణం చెప్పలేదు, ఏ పాఠకుడూ అడగలేదు! పురాణాన్ని పక్కనపెట్టి నేటి కథల్లోకి వచ్చినా శాపం పోలేదు. రూపం మార్చుకుంది, అంతే. ఇప్పుడది చిన్నప్పటి దెబ్బ, తండ్రి లేకపోవటం, ఎవరో చేసిన అత్యాచారం. ట్రాన్స్ పాత్ర కథలోకి వచ్చిందంటే మూడో పేజీలో ఒక గాయం బయటపడి తీరుతుంది. రాసేవాళ్ళ ఉద్దేశం సానుభూతే కావచ్చు. కానీ కారణం అడగటమే అవమానమన్న సంగతి ఆ సానుభూతికి తట్టదు.

చిత్రమేమంటే, పురాణమే కొన్నిచోట్ల మనకంటే ధైర్యంగా ఉంది. ఇంద్రుడు కరుణించి, మళ్ళీ మగవాణ్ణి చేస్తానంటే భంగాస్వనుడు వద్దంటాడు. స్త్రీగానే ఉంటానంటాడు. శాపం అక్కడితో ఇష్టం అయిపోయింది. అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పే కథ ఇది. దీన్ని కథగా మలుచుకున్న తెలుగు రచన నా కంటపడలేదు.

మూడోది, లొంగదీయటం. ప్రమీల స్త్రీరాజ్యానికి రాణి, గుర్రాన్ని కట్టేసి అర్జునుణ్ణి నిలదీసింది. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమినీ భారతం నుంచి 1965 నాటి 'ప్రమీలార్జునీయం' సినిమా దాకా ఆమెది ఒకే ప్రయాణం. కత్తి నుంచి పెళ్ళిపీటల దాకా. మగవాడి పని చేసే స్త్రీని 'నిజమైన ఆడది'గా మార్చటమే మగవాడి విజయం. 'గుండమ్మ కథ'లో సరోజ పొగరు అణచటం దగ్గర్నుంచి నిన్నమొన్నటి సీరియళ్ళ దాకా ఇదే వరస. ఇప్పుడు అమ్మాయిలే రాస్తున్న ఫ్యాన్ కథల్లో కూడా ఇది చెక్కుచెదరకుండా ఉండటం మాత్రం బాధ కలిగిస్తుంది.

ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. సినిమా అభిమానం అనేది మనదగ్గర మగవాళ్ళ సామ్రాజ్యం. తాడేపల్లిగూడెంలో గానీ ఏలూరులో గానీ కొత్త సినిమా వస్తే ఫ్లెక్సీ కట్టేది, తెల్లవారుజాము ఆటకి వెళ్ళేది, కటౌటుకి పాలు పోసేది వాళ్ళు. ఆ చీకటి ఆటకి ఆడపిల్లని ఏ ఇల్లు పంపిస్తుంది? తన అభిమానాన్ని వీధిలో చూపించలేని పిల్ల ఇంట్లో కూర్చుని కథ రాసుకుంటుంది. ఆ కథని చులకన చేసే విమర్శకులతో నాకు పొత్తు లేదు. 'బాహుబలి' తర్వాతా, 2022లో 'ఆర్ఆర్ఆర్' తర్వాతా మన సినిమా పాత్రల మీద ప్రపంచం నలుమూలలా కథలు పుట్టాయి. ఇద్దరు మగ స్నేహితుల్ని ప్రేమికులుగా రాసినవి వాటిలో బోలెడు. ఇదీ కొత్త కాదు. 1970ల నుంచి అమెరికాలో 'స్టార్ ట్రెక్' అభిమానులైన స్త్రీలు కిర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమ రాస్తున్నారు. అలాంటి రాతల మీద 1985లో జోవన్నా రస్ రాసిన వ్యాసం ఈనాటికీ చదవదగ్గది. స్త్రీలు ఇద్దరు మగవాళ్ళ ప్రేమ ఎందుకు రాస్తారు? ఆడా మగా మధ్య సమానత్వాన్ని ఊహించటం అంత కష్టమైపోయింది కాబట్టి. ఇది సరదా కాదు, ఫిర్యాదు.

కానీ ఆ కథ లోపలికి వెళ్ళి చూడండి. ఇద్దరిలో ఒకడు పొట్టివాడవుతాడు. ఒకడు వంట చేస్తాడు, ఏడుస్తాడు, గాయపడతాడు. రెండోవాడు కాపాడతాడు, అసూయపడతాడు, ఆజ్ఞలిస్తాడు. పేర్లు రెండూ మగవే గానీ కాపురం పాతదే! మగవాడికి గర్భం వచ్చే కథల్లోనూ అంతే. మన పురాణంలో యువనాశ్వుడు మంత్రజలం తాగి గర్భం ధరించి మాంధాతని కన్నాడు. ఆ రాజు పడ్డ సందిగ్ధాన్ని 2008లో దేవదత్త పట్నాయక్ ఇంగ్లీషు నవలగా రాశారు. మన అమ్మాయిలు రాసే గర్భిణీ హీరో మాత్రం చింతకాయ అడిగి, భర్త చేత కాళ్ళు పట్టించుకుని మురిసిపోతాడు. సమానత్వం కోసం స్త్రీని కథలోంచి పంపించేశాక, ఖాళీ అయిన ఆమె పీట మీద ఒక మగవాణ్ణి కూర్చోబెడితే ఏం మారినట్టు? పీట ఉండాల్సిందేనా అని అడగాలి కదా?

నాలుగోది పనిముట్టు. నా అసలు తగాదా ఇక్కడే.

శిఖండిని తిరగరాసే స్త్రీవాద రచనలు దాదాపు అన్నీ ఒకే దారిన నడుస్తాయి. శిఖండి అంటే అంబ. అంబ అంటే అవమానపడ్డ స్త్రీ. భీష్ముడు ఎత్తుకొచ్చాడు, సాళ్వుడు వద్దన్నాడు, ఎవరికీ కాకుండా పోయింది, కాబట్టి మళ్ళీ పుట్టి పగ తీర్చుకుంది. ఈ కథలో శిఖండి మగతనం ఒక ఆయుధం మాత్రమే. భీష్ముడు పడిపోగానే శిఖండి తలపాగా తీసి జుట్టు విరబోసుకోవాలి, అంబగా నవ్వాలి. రంగస్థలం మీద ఈ దృశ్యం ఎంత రక్తి కడుతుందో నాకు తెలుసు.

ఏలూరులో పునఃకథనాల మీద జరిగిన ఒక చర్చలో, కొల్లేటి గట్టు ఊరినుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒకరు లేచి అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, శిఖండి మగవాడయ్యాడు, మగవాడిగానే బతికాడు, మగవాడిగానే చచ్చిపోయాడు. ఇంతమంది కలిసి ఆయన్ని మళ్ళీ ఆడదాన్ని ఎందుకు చేస్తున్నారండీ?" హాల్లో ఎవరూ గట్టిగా జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నని ఇక్కడ చర్చకి పెట్టటం అవసరమనిపించింది.

కథలో ఏముందో చూద్దాం. శివుడు అంబకి ఇచ్చిన వరంలోనే మగతనం ఉంది, పూర్వజన్మ జ్ఞాపకం కూడా ఉంది. కాబట్టి అంబ లేదనటం లేదు. కానీ ఉద్యోగ పర్వంలో ఉన్న శిఖండి కథ అంబ పగతో ఆగిపోదు. కూతురిగా పుట్టిన బిడ్డని కొడుకని చాటి పెంచుతారు. దశార్ణ దేశపు రాజు హిరణ్యవర్మ కూతురితో పెళ్ళి చేస్తారు. నిజం బయటపడుతుంది. మామగారు సైన్యంతో బయలుదేరతాడు. తన వల్లే ఈ ఆపద వచ్చిందని శిఖండి చచ్చిపోదామని అడవికి పోతాడు. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు తన మగతనాన్ని అరువిచ్చి తాను స్త్రీ రూపం తీసుకుంటాడు. తిరిగొచ్చిన శిఖండిని నమ్మని హిరణ్యవర్మ పరీక్షించటానికి స్త్రీలని పంపిస్తాడు. వాళ్ళు చూసి సరేనన్నాక గానీ అల్లుడు అల్లుడు కాలేదు. వ్యాస భారతంలో విరాటుడు కూడా బృహన్నలని అంతఃపురంలోకి పంపే ముందు పరీక్ష చేయిస్తాడు.

చచ్చిపోదామని ఇల్లు విడిచిన పిల్లవాడు, ఒంటిని తడిమి చూసి ధ్రువీకరించే పెద్దలు. దీన్ని చదువుతుంటే మీకు ఈ రోజు గుర్తుకు రావటం లేదా? 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, ఎవరి జెండర్ ఏమిటో చెప్పే హక్కు వాళ్ళదేనని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని చెప్పింది. 2019లో వచ్చిన చట్టం కలెక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోమంది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు ఆసుపత్రి కాగితం చూపించమంది. హిరణ్యవర్మ పంపిన పరీక్షకులు ఆఫీసుల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. 2025 జూన్‌లో మన హైకోర్టు, ట్రాన్స్ స్త్రీ కూడా స్త్రీయేనని, పిల్లల్ని కనలేదన్న కారణంతో ఆ గుర్తింపు కాదనలేమని, భర్తా అత్తింటివాళ్ళ మీద క్రూరత్వం కేసు పెట్టే హక్కు ఆమెకీ ఉందని చెప్పాల్సి వచ్చింది. కోర్టు దాకా వెళ్ళి చెప్పించుకోవలసినంత కష్టమైన మాటా అది?

ఇప్పుడు భీష్ముడి దగ్గరికి వద్దాం. శిఖండితో యుద్ధం చెయ్యనని ఆయన ఎందుకన్నాడు? పూర్వం స్త్రీ కాబట్టి. విధాత ఎలా పుట్టించాడో అదే నిజమని, మధ్యలో వచ్చిన మార్పుని లెక్కలోకి తీసుకోనని. భార్య ఒప్పుకుంది, మామ ఒప్పుకున్నాడు, సైన్యం ఒప్పుకుంది. ఒప్పుకోనిది భీష్ముడొక్కడే. ఆ యుద్ధంలో శిఖండి మగతనాన్ని కాదన్నది పితృస్వామ్యపు పెద్ద దిక్కు. ఆ పెద్ద దిక్కు చెప్పిన మాటనే స్త్రీవాద కథ తిరిగి చెబుతోంది! 'నువ్వు ఎప్పటికీ అంబవే' అని. ఆయన ధర్మం పేరుతో చెప్పాడు, మనవాళ్ళు న్యాయం పేరుతో చెబుతున్నారు. శిఖండికి రెండూ ఒక్కటే.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: స్త్రీల కోపానికి మన సాహిత్యంలో ఉన్న చోటే తక్కువ, ఉన్న ఒక్క అంబనీ వదులుకోమంటారా? వద్దు. అంబని రాయండి. సాళ్వుడి వాకిట్లో నిలబడ్డ అంబని, పరశురాముణ్ణి యుద్ధానికి దించిన అంబని, చితి పేర్చుకున్న అంబని ఎంతయినా రాయండి. ఆ కోపాన్ని నిలబెట్టటానికి ఇంకొకరి జీవితాన్ని కర్రగా వాడొద్దంటున్నాను, అంతే. మా కొల్లేటికోట కథల్లో కోటని కాపాడటానికి ఒక కూతుర్ని బలిచ్చారని, అందుకే ఆ కాలవకి పేరంటాళ్ళ కనుమ అని పేరొచ్చిందని చెబుతారు. ఆ పిల్ల ఏం కోరుకుందో కథలో లేదు. యుద్ధానికి పనికొచ్చింది, పేరంటాలైంది. బలిచ్చిన కూతుళ్ళ గురించి ఇంత రాసిన మనం, మన వాదం గెలవటానికి శిఖండిని బలిపెట్టటం ఏం న్యాయం?

రెండోది: ఈనాటి ట్రాన్స్ అస్తిత్వాన్ని వెనక్కి తీసుకెళ్ళి పురాణానికి అంటించటం చారిత్రక దోషం కాదా? కావచ్చు. ఓల్గా సీత మాట్లాడే స్వేచ్ఛ ఏ యుగానిది? రంగనాయకమ్మ చూపించిన వర్గం ఏ యుగానిది? పునఃకథనం అంటేనే ఈ రోజు ప్రశ్నని ఆ రోజు పాత్రకి వెయ్యటం. స్త్రీ ప్రశ్నకి ఇచ్చిన ఈ వెసులుబాటు ట్రాన్స్ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చరిత్ర శాస్త్రం అయిపోకూడదు.

కొల్లేరు హద్దు ఎక్కడన్నది మా వైపు ఎప్పటికీ తెగని తగాదా. 1999లో ఐదో కాంటూరు దాకా, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చారు. 2008లో మూడో కాంటూరుకి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. బుడమేరూ తమ్మిలేరూ పొంగితే నీరు, వేసవిలో నేల. ఎక్కడ గీత గీసినా ఎవరికో లాభం, ఎవరికో నష్టం. గీత ప్రకృతి గీసింది కాదని అక్కడ బతికేవాళ్ళకి బాగా తెలుసు. ఆడా మగా గీత గురించి కూడా అంతమాత్రం తెలివిడి మనకుండాలి. ఆ గీత వల్ల ఎవరికి లాభమని అడగటం మొదట నేర్చుకున్నది స్త్రీవాదులే కదా.

అయితే ఏం రాయాలి? రాయనివి ఎన్ని ఉన్నాయో చూడండి. పెళ్ళయ్యాక నిజం తెలుసుకున్న దశార్ణ రాకుమారి ఏమనుకుంది? పుట్టింటికి కబురు పంపింది సరే, తర్వాత ఆ మనిషితోనే ఎలా కాపురం చేసింది? స్థూణాకర్ణుడు జాలిపడి తన మగతనం ఇచ్చాడు. కుబేరుడి శాపంతో శిఖండి బతికినన్నాళ్ళూ స్త్రీగానే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ ఏళ్ళన్నీ ఆ యక్షిణి ఎలా బతికింది? సౌప్తిక పర్వంలో అశ్వత్థామ శిఖండిని చంపిన రాత్రి, కోరకుండానే తిరిగొచ్చిన మగతనాన్ని ఏం చేసుకుంది? క్షత్రదేవుడు తండ్రి గురించి ఏం విన్నాడు? బృహన్నల వెళ్ళిపోయాక ఉత్తర ఎవరి దగ్గర నాట్యం నేర్చుకుంది? వానలు పడకపోతే విరాటపర్వం చదివించటం మన ఊళ్ళ ఆచారం. వాన కోసం బృహన్నల కావాలి గానీ, వీధిలో నడిచే బృహన్నల అక్కర్లేదా?

ఈ కథలు మనం రాసే ముందు వాళ్ళు రాసుకున్నవి చదవాలి. రేవతి ఆత్మకథని పి. సత్యవతి తెలుగులోకి తెచ్చారు. 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అది 2014లో వచ్చింది. 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి అందుకుంది. ఒక స్త్రీవాద రచయిత్రి తన కథ పక్కన పెట్టి మరొకరి కథకి తెలుగు ఇవ్వటం ఎలా ఉంటుందో అందులో చూడొచ్చు. యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పే స్నేహితులు విరాటపర్వం పాఠం చెప్పే వారంలోనే ఆ పుస్తకంలో ఒక అధ్యాయం కూడా చదివించాలి. కథల పోటీలకి న్యాయనిర్ణేతలుగా కూర్చునేవాళ్ళు జుట్టు విరబోసుకున్న శిఖండికి మళ్ళీ మళ్ళీ మొదటి బహుమతి ఇవ్వటం మానాలి. ఇక రాసేవాళ్ళకి నా అభ్యర్థన ఒక్కటే. మీ కథలో భీష్ముడు పడిపోయాక శిఖండిని తలపాగాతోనే డేరాకి వెళ్ళనివ్వండి. అక్కడ ఆయన భార్య ఎదురు చూస్తూ ఉంటుంది.